పొగ తాగుతారా అని అడిగే నాథుడు లేడు

ముప్పయ్యేళ్లు దాటిపోయాయి. పొగ తాగేవాళ్లు రోజూ బీటా కెరోటిన్ మాత్రలు మింగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గదు సరికదా, పెరుగుతుందని 1994లోనే తేలింది. తేల్చినవాళ్లు ఊరూ పేరూ లేనివాళ్లు కాదు. ఫిన్లాండ్ జాతీయ ప్రజారోగ్య సంస్థ, అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ కలిసి ఏళ్ల తరబడి చేసిన పరీక్ష అది. అయినా ఇవాళ మన ఊళ్లో ఏ మందుల షాపుకైనా వెళ్లి ‘యాంటీఆక్సిడెంట్ బిళ్లలు ఇవ్వండి’ అంటే చీటీ అడగరు. వయసు అడగరు. వేరే ఏ మందులు వాడుతున్నారని అడగరు. సిగరెట్టో, బీడీయో, చుట్టో తాగుతారా అని అసలే అడగరు. డబ్బులు తీసుకుని కవర్లో వేసి ఇచ్చేస్తారు. నా కడుపు మండుతున్నది అందుకే.

మా చిన్నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. రాత్రి సర్వీసుల్లో కునుకు పట్టకుండా అంటించిన సిగరెట్టు, రిటైరయ్యాక కూడా ఆయన్ని వదల్లేదు. ఈమధ్య నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పొద్దున్నే నీరసం. వీధి చివర మందుల షాపులో ఆ మాట చెప్పుకుంటే కౌంటర్ దగ్గరి కుర్రాడు ముదురెరుపు రంగు క్యాప్సూల్స్ చేతిలో పెట్టాడు. ‘బలానికండీ. పెద్దవాళ్లంతా ఇవే వాడుతున్నారు. సైడెఫెక్ట్స్ ఏమీ ఉండవు’ అన్నాడట. ‘వేడి చేస్తుందా బాబూ?’ అని చిన్నాన్న అడిగారట. ‘చెయ్యదండీ’ అన్నాడట. అంతే, అక్కడితో సరి. ఆయన చొక్కా జేబులో సిగరెట్ పెట్టె అంచు ఎప్పుడూ కనబడుతూనే ఉంటుంది. దాన్ని చూసి ఒక్క మాట అడగాలని ఆ కుర్రాడికి తోచలేదు. తోచకపోవడం అతని తప్పు కూడా కాదు. అడగాలని అతనికి ఎవరూ ఏనాడూ నేర్పలేదు.

ఆ స్ట్రిప్పు నేను తీసుకుని చూశాను. వెండి రంగు రేకు మీద ఆవగింజలో సగం కూడా లేని అక్షరాలు. షాపువాళ్లు కత్తెరతో సగానికి కోసి ఇచ్చారు కాబట్టి కూర్పు రాసిన చోట సగం మాటలు రెండో ముక్కతో పోయాయి. ఫోను కెమెరాతో పెద్దది చేసుకుని, వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చదివితే దొరికింది: బీటా కెరోటిన్, 10 మిల్లీగ్రాములు. దాని కింద జింకు, సెలీనియం, ఇంకేవో. ఒక మూల ‘వైద్య అవసరాలకు కాదు’ అన్న ముక్క ఇంగ్లీషులో. పొగ తాగేవాళ్ల గురించి ఒక్క అక్షరం లేదు. ‘రోజుకి ఎన్ని వేసుకుంటున్నారు చిన్నాన్నా?’ అని అడిగితే, ‘పొద్దునొకటి, రాత్రొకటి వేసుకుంటున్నానమ్మా, తొందరగా పని చేస్తుందని’ అన్నారు. రెండు పదులు ఇరవై. ఫిన్లాండ్‌లో ఆ మనుషులకి రోజూ ఇచ్చింది సరిగ్గా ఇరవై మిల్లీగ్రాములే.

బీపీ చూపించుకునే డాక్టరుగారి దగ్గరికి ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. స్ట్రిప్పు బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని తిప్పి కూడా చూడలేదు. ‘వేసుకోనివ్వండమ్మా, విటమినే కదా. మంచి చేయకపోయినా చెడు చేయదు’ అని తర్వాతి పేషెంటుని పిలిచారు.

మంచి చేయకపోయినా చెడు చేయదు! ఈ మాట ఎన్ని నోళ్ల నుంచి విన్నామో మనం. షాపువాడు అంటాడు, డాక్టరు అంటాడు, టీవీలో ఆదివారం పొద్దున కూర్చుని సలహాలిచ్చేవాళ్లు అంటారు, అమెరికా నుంచి డబ్బాలు తెచ్చే మేనల్లుడు అంటాడు. ఆ మాట అబద్ధమని వేలమంది మీద పరీక్షించి, మనుషులు చచ్చిపోయాక, లెక్కకట్టి రాసి పెట్టారు. చదివే ఓపిక లేక అంటున్న మాట అది.

ఆ లెక్క ఏమిటో చెప్తాను. కూరగాయలు, పండ్లు బాగా తినేవాళ్లలో, రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉన్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా కనబడుతోందని 1980ల నాటికి చాలా అధ్యయనాలు చెప్పాయి. అయితే ఆ ఒక్క పదార్థాన్నీ బిళ్లగా చేసి ఇస్తే పొగరాయుళ్లను కాపాడవచ్చు కదా అని సదుద్దేశంతోనే మొదలుపెట్టారు. ఫిన్లాండ్ నైరుతి ప్రాంతంలో 50 నుంచి 69 ఏళ్ల మగవాళ్లు 29,133 మందిని తీసుకున్నారు. అందరూ పొగ తాగేవాళ్లే. కొందరికి బీటా కెరోటిన్, కొందరికి విటమిన్ ఇ, కొందరికి రెండూ, కొందరికి ఏ మందూ లేని ఉత్తి మాత్ర. ఎవరికి ఏది వస్తోందో వాళ్లకీ తెలియదు, ఇచ్చేవాళ్లకీ తెలియదు. ఐదు నుంచి ఎనిమిదేళ్లు అలా మింగారు. తీరా విప్పి చూస్తే బీటా కెరోటిన్ పడినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్లు 474, పడనివాళ్లలో 402. నూటికి 18 వంతులు ఎక్కువ. మొత్తం మరణాలు కూడా 8 శాతం ఎక్కువ.

ఆ 72 మంది తేడా కాగితం మీద చిన్న అంకెలా కనబడవచ్చు. ఒక్కో అంకె వెనకా ఒక ఇల్లుంది. మంచిదని చెప్తే నమ్మి, మర్చిపోకుండా రోజూ మింగిన మనిషి ఉన్నాడు.

ఇదేదో లెక్కల్లో పొరపాటు అనుకున్నవాళ్లకి రెండేళ్లలో రెండో జవాబు వచ్చింది. అమెరికాలో అదే కాలంలో 18,314 మందితో ఇంకో పెద్ద పరీక్ష నడుస్తోంది. పొగ తాగేవాళ్లు, మానేసినవాళ్లు, ఆస్‌బెస్టాస్ దుమ్ములో పనిచేసినవాళ్లు అందులో ఉన్నారు. రోజుకి 30 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, దానితోపాటు 25,000 ఐయూల విటమిన్ ఎ ఇచ్చారు. 1996 జనవరిలో, అనుకున్న గడువుకి 21 నెలల ముందే, దాన్ని ఆపేశారు. మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం ఎక్కువగా తేలాయి. ఈ మాత్ర మనుషుల్ని బతికిస్తుందని నమ్మి, ఏళ్లు ధారపోసినవాళ్లు ఆ పరీక్ష చేసిన శాస్త్రజ్ఞులు. తమ నమ్మకం తప్పని తెలిసిన రోజున దాచుకోలేదు. ఆపండి అని మాత్రలు తీసుకుంటున్నవాళ్లకు చెప్పారు, లోకానికి చెప్పారు. మన దగ్గర ఆ మాటను పేషెంటు దాకా చేర్చే పని ఎవరూ తలకెత్తుకోలేదు.

విటమిన్ ఇ సంగతీ అంతే. మా బంధువుల అబ్బాయి ఒకడు డాలస్ నుంచి వచ్చినప్పుడల్లా సూట్‌కేసు అడుగున పెద్ద డబ్బాలు తెస్తాడు. ఇక్కడి నుంచి ఆవకాయ పట్టుకెళ్తాడు, అక్కడి నుంచి ఇవి తెచ్చి పెద్దవాళ్లకి పంచుతాడు. ప్రేమతోనే, సందేహం లేదు. డబ్బా మీద విటమిన్ ఇ, 400 ఐయూలు అని ఉంటుంది. అదే అమెరికాలో, అదే మోతాదులో, 35,000 మందికి పైగా మగవాళ్ల మీద పరీక్ష చేశారు, ప్రొస్టేట్ క్యాన్సర్ రాకుండా ఆపుతుందేమోనని. ప్రయోజనం కనబడక 2008లో మాత్రలు ఆపించారు. ఆ తర్వాత కూడా వాళ్లని గమనిస్తూ పోతే 2011లో తేలింది: విటమిన్ ఇ ఒక్కటే వేసుకున్నవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ. ఏడేళ్లలో వెయ్యిమందికి 65 రావాల్సిన చోట 76 వచ్చాయి. మేనమామలకీ పెదనాన్నలకీ ఆ డబ్బా ఇచ్చే ముందు ఈ మాట ఆ అబ్బాయికి చెప్పాల్సింది ఎవరు? అమ్మే కంపెనీ చెప్పదు. చెప్పాలన్న చట్టమూ గట్టిగా లేదు. ఫిన్లాండ్ ఫలితం వచ్చిన 1994లోనే, అదే ఏడాది అక్టోబరులో, ఇలాంటి సప్లిమెంట్లకి అమ్మకానికి ముందు ప్రభుత్వ ఆమోదం అక్కర్లేదని అమెరికా చట్టం చేసుకుంది. ఏప్రిల్‌లో హెచ్చరిక వచ్చింది, అక్టోబరులో తలుపులు బార్లా తెరిచారు.

ఎందుకిలా అవుతుందని అడిగితే అమ్మేవాళ్లు చెప్పే కథ వేరే. ఒంట్లో ఫ్రీ రాడికల్స్ అని ఉంటాయట, అవి ఇనుముకి తుప్పు పట్టించినట్టు కణాలకి పట్టిస్తాయట, యాంటీఆక్సిడెంట్ ఆ తుప్పుని ఆపేస్తుందట. వినడానికి చక్కగా ఉంటుంది. కానీ మనిషి ఇనుప రేకు కాదు. ఒంట్లో దూరిన క్రిములను తెల్లరక్తకణాలు చంపేది ఆ రాడికల్స్‌తోనే. చెడిపోయిన కణం తనను తాను చంపుకోవడానికీ అవి కావాలి. రోజూ నడిస్తే, కసరత్తు చేస్తే ఒంటికి పట్టే మేలులో కొంత వాటి వల్లే. 2009లో కొందరు కుర్రాళ్ల చేత కసరత్తు చేయించి, సగంమందికి విటమిన్ సి, ఇ బిళ్లలిచ్చి చూస్తే, బిళ్లలు మింగినవాళ్లలో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడకుండా పోయింది. షుగరు రాకూడదని పొద్దున్నే పార్కులో నడిచొచ్చి, ఇంటికి రాగానే గుప్పెడు బిళ్లలు మింగేవాళ్లు మనలో ఎంతమంది! స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రజ్ఞులు 2014లో ఎలుకల్లో ఇంకో సంగతి చూపించారు. ఊపిరితిత్తుల్లో అప్పటికే మొలకెత్తిన క్యాన్సర్ కణాలకి యాంటీఆక్సిడెంట్ అందితే, అవి ఆగకపోగా ఇంకా వేగంగా పెరిగాయి. రక్షణ మంచి కణానికి దొరికినట్టే చెడ్డ కణానికీ దొరుకుతుంది. ముప్పయ్యేళ్లు పొగ పీల్చిన ఊపిరితిత్తిలో ఏ మూల ఏ కణం దారి తప్పి ఉందో మందుల షాపు కుర్రాడికి తెలుస్తుందా? ఎవరికీ తెలియదు. తెలియని చోట ఊరుకోవాలి కదా!

ఎవరినీ హడలగొట్టడం నా ఉద్దేశం కాదు. నాలుగు బిళ్లలు మింగినంత మాత్రాన ఎవరికీ క్యాన్సర్ వచ్చేయదు. అమెరికాలో 22,071 మంది మగ డాక్టర్లు పన్నెండేళ్లు బీటా కెరోటిన్ తీసుకున్నా, ఉత్తి మాత్ర తీసుకున్నా తేడా లేదని తేలింది. మేలూ లేదు, కీడూ లేదు. వాళ్లలో పొగ తాగేవాళ్లు తక్కువ. కంటి రెటీనా మధ్యభాగం వయసుతో దెబ్బతినే జబ్బు ఒక స్థాయికి చేరినవాళ్లకి యాంటీఆక్సిడెంట్లు, జింకు కలిపిన మందు నిజంగానే పనిచేస్తుంది. అక్కడ కూడా, పొగ తాగేవాళ్ల ప్రమాదం తెలిశాక, ఆ కూర్పులోంచి బీటా కెరోటిన్ తీసేసి ల్యూటిన్ పెట్టారు. కళ్ల డాక్టర్లు అది పాటిస్తున్నారు. విటమిన్ ఎ లోపంతో రేచీకటి వచ్చి పిల్లల కళ్లు పోతున్న రోజుల్లో, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు చూపిన దారిలోనే 1970 నుంచి దేశమంతటా పిల్లలకి ఆ విటమిన్ పోశారు. లోపం ఉన్నచోట విటమిన్ ప్రాణం నిలబెడుతుంది. అదే విటమిన్, లోపం లేని పెద్దమనిషికి, పైగా పొగ తాగే మనిషికి, ఏం చేస్తుందన్నది వేరే ప్రశ్న. ఆ రెండు ప్రశ్నల్ని ఒకటి చేసి అమ్ముతున్నారు. ఇక మునగాకు, కరివేపాకు, బొప్పాయి, ఉసిరి మాటంటారా, ఏ పరీక్షా వాటిని తప్పుపట్టలేదు. ఫిన్లాండ్ లెక్కల్లోనే, తిండి ద్వారా బీటా కెరోటిన్ బాగా అందినవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువ వచ్చింది.

విటమిన్ చెడు చేయదు అనే మాట తెలుగువాళ్లం అసలే అనకూడదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేశారు. అదీ విటమినే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ జాతి పదార్థాలను రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇస్తే జబ్బు ఇంకా ఉరకలెత్తింది. ఆయన ఆ సంగతి కళ్లారా చూశాడు, చూసినదాన్ని ఒప్పుకున్నాడు. విటమిన్ జబ్బుని పెంచుతుంటే దాన్ని అడ్డుకునే పదార్థం జబ్బుని అణచాలి కదా అని, సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ని వాడాడు. 1948లో, పిల్లల రక్తక్యాన్సర్ కొంతకాలమైనా వెనక్కి తగ్గగలదని లోకం మొదటిసారి చూసింది. ఇవాళ మెథోట్రెక్సేట్ ఆ వంశంలోదే. క్యాన్సర్ మందుల చరిత్ర మొదటి పుటల్లోనే, మనవాడి చేతుల మీదుగా, ఈ పాఠం ఉంది. సుబ్బారావు పుట్టిన జిల్లాలోనే ‘విటమినే కదా’ అని చేతులు దులుపుకుంటుంటే ఏం చెప్పను!

క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ల విషయం తలుచుకుంటే ఇంకా భయం. పలకరించడానికి వచ్చే చుట్టాలు పళ్లతోపాటు ‘ఇమ్యూనిటీకి’ అని యాంటీఆక్సిడెంట్ డబ్బాలు తెస్తున్నారు. రేడియేషన్ క్యాన్సర్ కణాన్ని చంపేది చాలా వరకు ఆ ఫ్రీ రాడికల్స్‌ని పుట్టించే. కెనడాలోని క్యూబెక్‌లో నోరు, గొంతు భాగాల క్యాన్సర్లకి రేడియేషన్ తీసుకుంటున్న 540 మందిలో విటమిన్ ఇ, బీటా కెరోటిన్‌లను పరీక్షించారు. అమెరికా ఫలితం చూసి బీటా కెరోటిన్‌ని మధ్యలోనే ఆపేశారు. మాత్రలు వేసుకుంటున్న కాలంలో, వేసుకున్నవాళ్లకే మళ్లీ క్యాన్సర్ ఎక్కువగా వచ్చింది. నోటి క్యాన్సర్ మనకి పరాయి జబ్బు కాదు. గుట్కా ఉంది, ఖైనీ ఉంది. ఉత్తరాంధ్రలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అవ్వలు ఉన్నారు. పొగాకు బోర్డు గుంటూరులో ఉంది, బీడీలు చుట్టే చేతులు నిజామాబాద్‌లో ఉన్నాయి. ఇంత పొగాకు మధ్య బతికే జనానికి, ఈ బిళ్ల గురించి ఆ ఒక్క ముక్క చెప్పడం అందరికంటే ముందు మన దగ్గర జరగాలి. అందరికంటే వెనకైనా జరగలేదు.

చట్టం లేదా అంటే, ఉంది. ఈ సప్లిమెంట్లు మందుల కిందికి రావు, తిండి కిందికి వస్తాయి. 2006 ఆహార భద్రత చట్టం, దాని కింద 2016లో వచ్చిన నిబంధనలు వీటికి వర్తిస్తాయి. తీసుకోవాల్సిన జాగ్రత్తలు, తెలిసిన దుష్ప్రభావాలు, ఎవరు వాడకూడదు అన్నవి వర్తించినచోట లేబుల్ మీద రాయాలని ఆ నిబంధనల్లోనే ఉంది. వర్తించినచోట! పొగ తాగేవాడికి బీటా కెరోటిన్ కంటే వర్తించే చోటు ఇంకెక్కడుంటుంది? 1994 నుంచి అచ్చులో ఉన్న ‘తెలిసిన దుష్ప్రభావం’ ఏ అధికారి కంటా పడలేదా? లేబుల్ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు, తెలుగులో ఉండాలన్న నిర్బంధం లేదు. బస్సు బోర్డులు, డ్యూటీ చార్టులు తెలుగులో చదువుకుంటూ ఉద్యోగమంతా గడిపిన మా చిన్నాన్న ఆ వెండి రేకు మీద ఏం చదువుకుంటారు?

ఆయన జేబులో ఉన్న సిగరెట్ పెట్టె మీద 85 శాతం జాగా హెచ్చరికకే పోతుంది. పుండు పడ్డ మనిషి బొమ్మతో సహా. దాని కోసం ఈ దేశంలో డాక్టర్లు, కార్యకర్తలు కోర్టుల చుట్టూ తిరిగి పోరాడారు. అదే మనిషి అవతలి జేబులోని క్యాప్సూల్ ఆ సిగరెట్టుతో చేతులు కలిపి ఏం చేయగలదో చెప్పడానికి ఒక గీత మందం జాగా దొరకలేదు.

డాక్టర్లతో నాకు పేచీ ఎక్కువ. షాపు కుర్రాడికి తెలియదు, చుట్టానికి తెలియదు. మీకు తెలుసు, తెలియకపోతే తెలుసుకునే దారి తెలుసు. జ్వరానికి రాసినా, మోకాలి నొప్పికి రాసినా చీటీ చివర ఒక యాంటీఆక్సిడెంట్ గీకేస్తారు. అది రాయకపోతే ‘బలానికి ఏమీ రాయలేదేంటండీ’ అని పేషెంట్లే అడుగుతారంటారు. అడుగుతారు నిజమే. అడిగినప్పుడు అర నిమిషం ఆగి వద్దని చెప్పడానికే కదా మీరు ఆ కుర్చీలో ఉన్నది! వార్ఫరిన్ మీద ఉన్న గుండె పేషెంటుకి విటమిన్ ఇ తోడైతే రక్తస్రావం ముప్పు పెరుగుతుందని మీ పుస్తకాల్లోనే ఉంది. కిడ్నీలో రాళ్లు పడే మనిషికి గ్రాముల కొద్దీ విటమిన్ సి మంచిది కాదనీ ఉంది. క్యాన్సర్, గుండెజబ్బులు రాకుండా ఉండాలని బీటా కెరోటిన్, విటమిన్ ఇ వాడొద్దని అమెరికా నివారణ వైద్య నిపుణుల బృందం 2014లో చెప్పింది, 2022లో మళ్లీ చెప్పింది. ఒకే మాట ఇన్నిసార్లు చెప్పించుకుని కూడా వినని చెవులకి ఇంకెలా చెప్పాలి?

ఔషధ నియంత్రణ అధికారుల్ని అడిగితే అది ఆహారశాఖది అంటారు. ఆహారశాఖని అడిగితే లైసెన్సు నంబరు ఉంది కదా అంటారు. పద్నాలుగు అంకెల నంబరు ఉంటే ఉండనీయండి, దాని పక్కన ‘పొగ తాగేవారు, పొగ మానినవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడరాదు’ అని తెలుగులో, ముసలికళ్లకి ఆనేంత అక్షరాలతో వేయించండి. బీటా కెరోటిన్ ఉన్న ప్రతి స్ట్రిప్పు మీదా, ప్రతి డబ్బా మీదా వేయించండి. కత్తిరించి అమ్మినా ఆ వాక్యం మిగిలేలా ప్రతి క్యాప్సూల్ వెనకా వేయించండి. అప్పటిదాకా షాపుల్లో కౌంటర్ మీద ఒక అట్టముక్క పెట్టించండి. కౌంటర్ దగ్గరుండే పిల్లలకి ఒక పూట కూర్చోబెట్టి చెప్పండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త పరిశోధన అక్కర్లేదు. ఉన్న నిబంధనని అమలుచేస్తే చాలు. ఎవరి సంతకం కావాలో వాళ్లు బయటికి వచ్చి చెప్పాలి, ఇన్నాళ్లూ ఎందుకు పెట్టలేదో కూడా చెప్పాలి.